ఐసీయూ నర్సుకు రీసెర్చ్ ఎందుకు? పర్లాకిమిడి తల్లికి జవాబు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం:

“మా పాప బరంపురంలో బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఐసీయూ పోస్టింగ్ పడినప్పటి నుంచి క్రిటికల్ కేర్‌లోనే ఉంటాను, తర్వాత రీసెర్చ్ చేస్తాను అంటోంది. రీసెర్చ్ డాక్టర్ల పని, నర్సుకెందుకని వాళ్ల నాన్నగారు కోప్పడుతున్నారు. కోర్సు అవగానే ఎమ్మెస్సీలో చేర్పిస్తే కాలేజీలో టీచర్ ఉద్యోగం వస్తుందని బంధువులు అంటున్నారు. నాకైతే నైట్ డ్యూటీలు, ఇన్ఫెక్షన్లు తలుచుకుంటేనే టెన్షన్. ఏం చేయమంటారు?”

అమ్మా, ముందు వాళ్ల నాన్నగారి ప్రశ్నకు జవాబు చెబుతాను. అది తేలితే మిగతావి వాటంతట అవే తేలతాయి.

ఐసీయూలో డాక్టరుగారు రౌండ్స్‌కి వస్తారు, మందులు రాస్తారు, వెంటిలేటర్ ఎలా ఉండాలో చెబుతారు. ఆ తర్వాత షిఫ్టంతా రోగిని కనిపెట్టుకుని ఉండేది నర్సే. గొట్టంలో కఫం తీయడం, నోరు శుభ్రం చేయడం, ఒత్తిగిలించి పడుకోబెట్టడం, మత్తు ఎక్కువైందా తక్కువైందా చూడడం అన్నీ ఆమె చేతిలోనే ఉంటాయి. వీటిని ఎలా చేస్తే రోగి త్వరగా కోలుకుంటాడన్నది ఊహతో తేలేది కాదు, పరీక్షించి చూడాలి. క్రిటికల్ కేర్ నర్సింగ్‌లో రీసెర్చ్ అంటే చాలావరకు ఇదే.

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల నోటి సంగతే తీసుకోండి. వాళ్లకు న్యుమోనియా రాకుండా క్లోర్‌హెక్సిడిన్ అనే మందుతో నోరు కడగడం చాలా ఏళ్లు ప్రపంచమంతా పాటించిన పద్ధతి. అప్పటివరకు జరిగిన అధ్యయనాలన్నీ 2014లో కలిపి చూస్తే, గుండె ఆపరేషన్ అయినవాళ్లను పక్కన పెడితే మిగతావాళ్లకు దానివల్ల స్పష్టమైన మేలు కనిపించలేదు. పైగా మరణాలు పెరుగుతున్నాయేమో అన్న అనుమానం వచ్చింది. 2022లో అమెరికా ఇన్ఫెక్షన్ నిపుణుల మార్గదర్శకాలు ఆ మందు వద్దని, బ్రష్‌తో పళ్లు తోమమని చెప్పాయి. 2023లో 15 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, రోజూ పళ్లు తోమినవాళ్లలో ఆసుపత్రిలో వచ్చే న్యుమోనియా దాదాపు మూడో వంతు తగ్గిందని, ఐసీయూ మరణాలు కూడా తగ్గాయని తేలింది. మందు మానేసి బ్రష్ పట్టుకోవలసింది ఎవరు? మీ పాప లాంటి నర్సు. ఆ కొత్త సంగతి ఆమె చదవకపోతే పాత పద్ధతే సాగుతుంది.

ఇంకొకటి కూడా ఆయనకు చెప్పండి. 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తొమ్మిది యూరప్ దేశాల ఆసుపత్రుల మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఆపరేషన్ అయిన 4,22,730 మంది రోగుల వివరాలు అందులో ఉన్నాయి. ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగితే, 30 రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతుందని తేలింది. ఆ అధ్యయనాన్ని నడిపిన లిండా ఐకెన్ కూడా నర్సింగ్ చదివినవారే. నర్సుల కొరత గురించి ఎక్కడ చర్చ వచ్చినా ఈ లెక్కలు ముందుకొస్తాయి.

మన జిల్లాల్లో ఎవరూ సరిగా అడగని ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. వానాకాలంలో కట్లపాము కాటుతో వచ్చే రోగులను మీ పాప చూసే ఉంటుంది. విషం నరాలకు, కండరాలకు ఉన్న సంబంధాన్ని తెంచేస్తుంది. రెప్పలు వాలిపోతాయి, చేయి కదలదు, ఊపిరి ఆగిపోయే స్థితి వస్తుంది. అయినా చాలామందికి లోపల తెలివి ఉంటుంది, పక్కవాళ్ల మాటలు వినపడుతూనే ఉంటాయి. కంటిపాపలు కూడా స్పందించకపోవడంతో మెదడు పోయిందని పొరబడే ప్రమాదం ఉంది. అలాంటి మనిషికి మత్తు ఎంత ఇవ్వాలి, పూర్తిగా మూతపడని కన్ను ఎండిపోకుండా ఏం చేయాలి, ఇప్పుడు ఏం చేస్తున్నామో ఎలా చెప్పాలి అన్నవి పూర్తిగా నర్సింగ్ ప్రశ్నలు. పాముకాట్లు లేని దేశాల వాళ్లు మన కోసం వీటిని పరిశోధించరు.

భాష సంగతీ అంతే. ఐసీయూ రోగుల్లో మతి చెదరడాన్ని, అంటే డెలీరియాన్ని, గుర్తించడానికి 2001 నుంచి వాడుకలో ఉన్న ఒక పరీక్షలో నర్సు వరసగా ఇంగ్లీషు అక్షరాలు చదువుతుంది. ‘ఏ’ అన్నప్పుడల్లా రోగి ఆమె చెయ్యి నొక్కాలి. గజపతి జిల్లా కొండల నుంచి వచ్చిన సవర అవ్వకు ఈ పరీక్ష పెడితే? రాయగడ నుంచి వచ్చిన, కువి మాత్రమే తెలిసిన తాతకు పెడితే? తప్పు జవాబు వచ్చిందంటే మతి చెదిరినట్టా, పరీక్షే ఆయనకు సరిపోనట్టా? తెలుగు, ఒడియా రెండూ వచ్చి, కొండ భాషలు వినే ఓపిక ఉన్న నర్సు ఈ పనికి ఎంతో అవసరం. మీ పాపకు ఇది నిజంగా అందుబాటులో ఉన్న పరిశోధనాంశం. నాకు అన్నిటికంటే ఆశ కలిగించేది ఇదే.

ఇక బంధువుల సలహా. కోర్సు అవగానే ఎమ్మెస్సీలో చేరడం కుదరదమ్మా. బీఎస్సీ తర్వాత కనీసం ఒక ఏడాది పని అనుభవం ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ నియమం. నన్నడిగితే ఒక ఏడాది కాదు, రెండేళ్లు మంచి ఐసీయూలో పనిచేయమంటాను. ఆ అనుభవం లేకుండా రాసే థీసిస్‌లో అడిగే ప్రశ్నల్లో పస ఉండదు. తర్వాత టీచరైనా పిల్లలకు పుస్తకం చదివి చెప్పడమే అవుతుంది.

మంచి ఐసీయూ అంటే బయట బోర్డు ఉన్నది కాదు. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు మీ పాప మూడు సంగతులు అడగాలి. వెంటిలేటర్ మీద ఉన్న రోగుల్ని ఒక్కో నర్సుకు ఎంతమందిని ఇస్తారు? కొత్తవాళ్లను ఎన్ని వారాలు సీనియర్ సిస్టర్ పక్కన ఉంచుతారు? సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) ఇన్ఫెక్షన్లు, పడకపుండ్లు నెలనెలా లెక్కపెడతారా? మూడోదానికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగే చోట నేర్చుకోవడానికి చాలా ఉంటుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో నూటికి పైగా ఐసీయూలు ఇలా లెక్కపెట్టి, లైన్ వేసేటప్పుడు పాటించాల్సిన ఐదు జాగ్రత్తలను చెక్‌లిస్టుగా పెట్టుకున్నాయి. ఒక్క అడుగు తప్పినా డాక్టరును ఆపే అధికారం నర్సుకు ఇచ్చాయి. లైన్ల వల్ల వచ్చే రక్తపు ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయి. ఈ ఫలితాలతో 2006లో వచ్చిన వ్యాసాన్ని మీ పాప తప్పక చదవాలి.

రెండేళ్ల తర్వాత రెండు దారులుంటాయి. ఎమ్మెస్సీలో క్రిటికల్ కేర్ అనేది మెడికల్ సర్జికల్ నర్సింగ్ కింద వస్తుంది. బోధన, పీహెచ్‌డీ వైపు వెళ్లాలనుకుంటే అది తిన్నని దారి. రెండోది నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అనే రెండేళ్ల రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ చదివే కోర్సు. ఇందులో ఎక్కువ సమయం రోగుల దగ్గరే గడుస్తుంది. చదువుగా ఇది నాకు చాలా ఇష్టం. కానీ ఆ పేరుతో ప్రత్యేక పోస్టులు అన్ని ఆసుపత్రుల్లో లేవు. కాబట్టి చేరే ముందు, అదే కాలేజీలో చదివి బయటికొచ్చినవాళ్లు ఇప్పుడు ఏ హోదాలో పనిచేస్తున్నారో కనుక్కోండి. మీ పాప మాటల్ని బట్టి చూస్తే ఆమెకు ఎమ్మెస్సీ, ఆ తర్వాత పీహెచ్‌డీ సరిపోతాయనిపిస్తోంది. అయితే పీహెచ్‌డీ సంగతి ఇప్పుడే ఇంట్లో గొడవ పడాల్సినంత దగ్గర్లో లేదు.

ఈలోగా ఆమె చేయగలిగింది చాలా ఉంది. ఇండియన్ జర్నల్ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు. నెలకు ఒక వ్యాసం పూర్తిగా అర్థం చేసుకుంటే చాలు. కాస్త స్టాటిస్టిక్స్ నేర్చుకోవాలి. వార్డులో మొదటి పనిగా ఏదైనా ఒకదాన్ని లెక్కపెట్టడం మంచిది. బ్రేడెన్ స్కేలుతో పడకపుండ్ల ముప్పు అంచనా వేయడం, ఒత్తిగిలింపులు నిజంగా ఎన్ని గంటలకోసారి జరుగుతున్నాయో నమోదు చేయడం లాంటివి. రోగుల వివరాలతో రీసెర్చ్ అంటే ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే సంఘం) అనుమతి తప్పనిసరి. ఫోన్లో ఫొటోలు తీసి దాచుకోవడం తప్పని ఇప్పుడే చెప్పండి.

మీ భయాల్లో నిజముంది. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ అయ్యాయా, రక్షణ వచ్చిందో లేదో రక్తపరీక్షతో చూశారా అడగండి. సూది గుచ్చుకుంటే దాచకుండా వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. బరువైన రోగిని ఒక్కతే ఎత్తబోతే నడుం దెబ్బతింటుంది. నైట్ డ్యూటీలు తప్పవు. ఉదయం ఇంటికొచ్చాక ఆమెను నిద్రపోనివ్వండి, చుట్టాలొచ్చారని లేపకండి. మీరు చేయగలిగిన పెద్ద సాయం అదే.

ఉద్యోగం గురించి ఒక్క మాట. ఒడిశా ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ఒడియా చదవడం, రాయడం రావాలి, నిర్ణీత స్థాయిలో ఒడియా పాసై ఉండాలి. పాప తెలుగు మీడియంలో చదివి ఉంటే ఆ సర్టిఫికెట్ సంగతి ఇప్పుడే చూసుకోండి. ఎయిమ్స్ పోస్టులకు నార్‌సెట్ పరీక్ష రాయాలి. బీఎస్సీ వాళ్లకు ముందస్తు అనుభవం అక్కర్లేదు, మూలవేతనం 44,900 రూపాయలతో మొదలవుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు వెళ్తే ఒడిశా కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌తోనే సరిపెట్టుకోకూడదు, ఆంధ్రప్రదేశ్ నర్సింగ్ కౌన్సిల్లోనూ నమోదు చేయించుకోవాలి. దానికి సమయం పడుతుంది కాబట్టి, ఆఫర్ లెటర్ కోసం ఆగకుండా కోర్సు అవగానే అసలు సర్టిఫికెట్లు తీసుకుని దరఖాస్తు మొదలుపెట్టమనండి.