చింక్వే తెర్రే: ఒక్క రోజు, అమ్మగారి మోకాళ్లు

ఇటలీలోని లా స్పెత్సియా పట్నంలో దిగి, మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మగారితో ఒక్క రోజులో చింక్వే తెర్రే అనే సముద్రతీరపు ఐదు ఊళ్లూ నడవగలమా అని అడిగారు కదండీ. ఐదూ నడవాలనే ఆలోచన మానేయండి. కొర్నీలియా, మనరోలా మధ్య సముద్రం పక్క దారి చాలా ఏళ్లుగా మూసే ఉంది. దాని బదులు వోలాస్త్రా అనే కొండ మీది ఊరి మీదుగా ఎక్కాలి, అమ్మగారికి అది వద్దు.

పొద్దున్నే రైల్లో వెర్నాత్సా వెళ్లి, అక్కడి నుంచి కొర్నీలియాకు నడవండి. సుమారు 4 కిలోమీటర్లు, తాపీగా రెండు గంటలు. మొదట్లో మెట్లు ఆయాసం తెప్పిస్తాయి, కానీ చివర్లో దిగుడు నెమ్మదిగా ఉంటుంది. తిరగేసి నడిస్తే వెర్నాత్సా వైపు నిటారు దిగుడు మోకాళ్లను చంపేస్తుంది. నేను మా అమ్మతో ఆ తప్పు చేశాను, మర్నాడంతా ఆవిడ మంచం దిగలేదు. ఆలివ్ తోటల మధ్య వెనక్కి తిరిగి వెర్నాత్సా రేవును ఒకసారి చూడమనండి, ఎంత బావుంటుందో!

కొర్నీలియా ఊరు కొండ మీద, స్టేషన్ కింద. మధ్యలో 380 పైచిలుకు మెట్లు. దిగొద్దు, బస్సు ఉంది. రైలుతో కలిపి ఉండే చింక్వే తెర్రే కార్డు కొంటే కాలిబాట, రైళ్లు, ఆ బస్సు అన్నీ అందులోనే.

సాయంత్రం ఓపికుంటే రియోమజ్జోరే నుంచి మనరోలాకు వియా దెల్ అమోరే అనే సముద్రం పక్క కాలిబాటలో నడవండి. కిలోమీటరు లోపే, దాదాపు చదును. 2012లో రాళ్లు పడి మూతపడి, 2024లో మళ్లీ తెరిచారు. దానికి టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి.

చెప్పులు వద్దు, గ్రిప్ ఉన్న బూట్లే వేయించండి.