ఖతర్‌లో ఎడారి చూడాలంటే సఫారీ వాళ్ళకి డబ్బులు కట్టాలా, మన బండేసుకుని పోవచ్చా?

పోవచ్చు. ఒక్క బండితో మాత్రం పోబాకండి.

నాది కావలి. దోహాలో ఆరేళ్ళు చేసి వచ్చా. సఫారీకి నేనూ ఒకసారి డబ్బులు పోశా. దిబ్బల మీద బండి ఎగరేసి, కడుపులో ఉన్నది గొంతులోకి తెప్పించి, ఒంటె పక్కన ఫోటో తీసి పంపిస్తారు. ఆ కుదుపులే కావాలంటే మా కావలి నించి తుమ్మలపెంటకి షేర్ ఆటోలో పోతే సరిపోద్ది, చివర్లో సముద్రం కూడా ఉంటది.

అందుకే మా రూములో ఐదుగురం ఒక శుక్రవారం సొంతంగా బయల్దేరాం. అందరిదీ నెల్లూరు, ప్రకాశం జిల్లాలే. బండి ఒంగోలాయనది, పాత ఫోర్ వీల్ డ్రైవ్. పోయేది ఖోర్ అల్ అదైద్‌కి. దోహాకి దక్షిణంగా 80 కిలోమీటర్లు పైచిలుకు. సముద్రం ఇసక దిబ్బల మధ్యకి చొచ్చుకొచ్చిన చోటది. అవతలి గట్టు సౌదీ. మెసయీద్ దాటి సీలైన్ దగ్గరికొచ్చేసరికి తారు రోడ్డు అయిపోద్ది. అక్కడే టైర్లలో గాలి 35 నించి 15కి దించాం. గాలి తగ్గితే టైరు ఒంటె పాదంలా పరుచుకుంటది, ఇసకలో దిగబడదు. ఒంగోలాయన మాత్రం పంచరైన బండిని చూసినట్టు దిగాలుగా చూశాడు.

అక్కడ గాలి ఎక్కువగా వాయవ్యం నించే. దిబ్బకి ఆ పక్క వాలుగా, గట్టిగా ఉంటది. ఆగ్నేయం పక్క నిటారుగా, పిండిలాగా ఉంటది. మనోళ్ళు ఇంటికి చూసుకునే దిక్కులు అసలు చూడాల్సింది అక్కడ.

రెండు దిబ్బలు బాగానే దాటాం. తర్వాత తెల్లగా, బల్లపరుపుగా మైదానం. "హమ్మయ్య, నేలొచ్చింది" అని ఒంగోలాయన యాక్సిలరేటర్ తొక్కాడు. వెనక సీట్లో ఇస్కపల్లి కుర్రోడు ఉన్నాడు. వాళ్ళది ముత్తాతల కాడ్నించి ఉప్పు పనే, కయ్యల్లో, అంటే మడుల్లో, ఉప్పునీళ్ళు ఎండబెట్టి ఉప్పు తీస్తారు. "అన్నా, పోబాకన్నా! అది నేల కాదు, ఉప్పు కయ్య" అని అరిచాడు.

"ఎడారిలో కయ్యేందిరా అబ్బయా, ఎండ తగిలిందా?"

నలభై గజాలు పోయామో లేదో, అప్పడం విరిగినట్టు చప్పుడు. ముందు చక్రాలు బురదలో కూర్చున్నాయి. పైన వేలెడు మందం ఉప్పు పెచ్చు, దాని కింద నల్లటి జిగురు బురద, కుళ్ళిన నాచు కంపు. ఎడారిలో బురద! అడుగున దగ్గర్లోనే ఉన్న ఉప్పునీళ్ళు ఎండకి పైకి ఎక్కి ఆవిరైపోతే ఉప్పు ఇట్టా పెచ్చు కడతది. చూసేదానికి గచ్చు మాదిరే ఉంటది.

ఫోన్లో సిగ్నల్ లేదు. పార తెచ్చిన మొగోడు లేడు. అన్నం గిన్నె మూతతో రెండున్నర గంటలు తవ్వాం. మధ్యలో ఆకలేసి క్యారేజీ విప్పాం. ముందు రాత్రి హమ్మూరు చేపతో, మామిడికాయ ముక్కలేసి నేనే పులుసు పెట్టా. రాత్రి పెట్టి తెల్లారి తింటేనే పులుసు. హైదరాబాద్ హోటళ్ళు టమాటా గుజ్జులో చేప ముంచి నెల్లూరు చేపల పులుసని బోర్డు పెడతన్నాయే, అదొక దౌర్భాగ్యం. ముద్దకో ఇసక రేణువు పంటికింద పడినా, ఆ పూట తిన్నట్టు మళ్ళీ తినలా.

మూడు దాటాక ఒక ఖతరీ పెద్దాయన ల్యాండ్ క్రూయిజర్‌లో వచ్చాడు. బండి దూరంగా ఇసకలోనే ఆపి, కాలితో నేల తట్టుకుంటా నడిచొచ్చాడు. పెచ్చు చూపించి "సబ్ఖా, సబ్ఖా" అన్నాడు. మా కుర్రోడు "ఆఁ, అదే సార్, కయ్య!" అన్నాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని తలూపుకున్నారు. ఆయన తన దగ్గరున్న పొడుగు తాడు కట్టి లాగేశాడు. డబ్బులిస్తే చెయ్యి అడ్డం పెట్టి, ఒక నీళ్ళ సీసా మాత్రం తీసుకున్నాడు.

ఖోర్ అల్ అదైద్ చూశారా అంటే, ఒక దిబ్బెక్కి దూరంగా నీలం గీత చూసి వెనక్కి తిరిగాం. పొద్దుగూకతా ఉంది మరి.

కాబట్టి రెండు బండ్లు, తాడు, పార తీసకపోండి. ఉప్పు పని తెలిసినోడు ఒకడుంటే వాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టండి. ఒంగోలాయన్ని అడిగితే టైర్లలో గాలి తీయించబట్టే దిగబడిందని ఇప్పటికీ వాదిస్తాడు.