మెడలో గొట్టం పెట్టిన గేదెను ఎలా చూసుకోవాలి?

ప్రశ్న: మా గేదెకు గొంతువాపు వచ్చి ఊపిరాడకపోతే నిన్న రాత్రి డాక్టరు గారు మెడ కింద కోసి స్టీలు గొట్టం పెట్టారు. ఇప్పుడు లేచి నిలబడింది. గొట్టంలోంచి చీమిడిలాంటిది కారుతోంది. ఎలా కాపాడుకోవాలి? చెరువుకు తోలవచ్చా?
– ఒక రైతు, మైదుకూరు, కడప జిల్లా

జవాబు: చెరువుకు మాత్రం తోలకండి. గేదె నీళ్లలో పడుకుంటే ముక్కు పైకి పెట్టుకుంటుంది, మెడ మునిగిపోతుంది. ఇప్పుడు అది ఊపిరి తీసేది మెడతోనే. నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వానకు కూడా తడవనివ్వకండి. ఒళ్లు తడిగుడ్డతో తుడిస్తే చాలు.

చీమిడి చూసి భయపడకండి. గాలిని వెచ్చబరచి, తడిపి, దుమ్ము వడకట్టే ముక్కును దాటి గాలి లోపలికి పోతోంది కాబట్టి శ్వాసనాళం జిగురును ఎక్కువగా ఊరుస్తుంది. అది ఎండి పెచ్చుకట్టి గొట్టం మూసుకుపోవడమే అసలు ప్రమాదం. మొదటి రెండు రోజులు రెండు మూడు గంటలకొకసారి చూడాలి, రాత్రి కూడా. గొట్టంలో గొట్టం ఉంటే లోపలిది మాత్రమే తీసి, కడిగి, నీళ్లలో మరిగించి, చల్లారాక పెట్టండి. ఒకటే గొట్టమైతే మీరు తీయవద్దు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి, అందులో తడిపి పిండిన గాజుగుడ్డతో అంచు తుడవండి. దూది వద్దు, పీచు లోపలికి పోతుంది.

చూసిన ప్రతిసారీ గొట్టం ముందు అరచేయి పెట్టండి. ఊపిరి వెచ్చగా, సాఫీగా తగలాలి. ఈలలాంటి చప్పుడు వచ్చినా, గేదె మెడ చాచి ముక్కుపుటాలు ఎగరేసినా లోపలి గొట్టం వెంటనే తీసేసి డాక్టరును పిలవండి, లేదా పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేయండి. గొట్టం మొత్తం ఊడివస్తే, డాక్టరు వచ్చేదాకా శుభ్రమైన చేతులతో గాయం అంచులను చెరో వైపుకు లాగి దారి తెరిచి పట్టుకోండి.

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. గాలి స్వరపేటికకు తగలదు కాబట్టి గేదె సరిగా అరవలేదు. ఊపిరాడకపోయినా మిమ్మల్ని పిలవలేదు. అందుకే ఎవరో ఒకరు రాత్రి కొట్టంలోనే మంచం వేసుకోండి.

మెడ పలుపు విప్పి ముఖతాడుతో కట్టండి. వేరుశనగ కట్టె విదిలిస్తే ఎంత దుమ్ము లేస్తుందో మీకు తెలుసు. ఈ రోజుల్లో అది వద్దు, పచ్చిమేత వేయండి. గొట్టం మేతలో, నీళ్లలో మునగకుండా గాడిని, తొట్టిని ఎత్తులో పెట్టండి. గొంతులో మందులు, నూనె పోయకండి. ఈగలమందు గాయం చుట్టూ రాయవచ్చు కానీ గొట్టం నోటికి దూరంగా ఉండాలి, చల్లే మందు అసలే వద్దు.

సూదిమందులు చివరిరోజు దాకా వేయించండి. మిగతా పశువులకు గొంతువాపు టీకా సంగతి ఇవాళే అడగండి. ఏటా తొలకరికి ముందే వేయించాలి.

వాపు తగ్గాక డాక్టరు గొట్టాన్ని కాసేపు మూసి, గేదె ముక్కుతో హాయిగా ఊపిరి తీస్తేనే తొలగిస్తారు. ఆ గాయానికి మామూలుగా కుట్లు వేయరు. రంధ్రం అలాగే వదిలేశారేమని బెంగపడకండి. రోజూ శుభ్రం చేస్తుంటే రెండు మూడు వారాల్లో దానంతటదే పూడుతుంది.