గట్టు పక్కన తోట కొనే ముందు

చిరంజీవి ప్రసాదుకి దొడ్డమ్మ ఆశీస్సులు.

ఎదుర్లంకలో గోదారి ఒడ్డున కొబ్బరితోట కొని ఇల్లు కూడా కడతావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన పిల్లల్లో ఒకడైనా మట్టివైపు తిరిగాడని పొంగిపోయాను. ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది. యానాంలో రూల్స్ తేలికని అక్కడా స్థలం చూశావటగా. ఆ మాట చెప్పింది బ్రోకరే అయ్యుంటాడు. అక్కడ పెట్రోలు చవకని జనం క్యూ కట్టినట్టు, రూలు కూడా చవకగా దొరుకుతుందనుకోకు.

దస్తావేజులు, ఈసీ, సర్వే నువ్వే చూసుకోగలవు. రెండూళ్ల మధ్య ఉన్నది వంతెనే అయినా యానాం పుదుచ్చేరిది. సీఆర్‌జెడ్, అంటే తీరం పక్కన కట్టడాలకు హద్దులు పెట్టే రూలు, కేంద్రానిదే; మ్యాపులు మాత్రం ఎవరివి వాళ్లవి. సముద్రపు పోటు తగిలే ఏటి ఒడ్డున ఆ రూలు 2011 నోటిఫికేషన్ ప్రకారం 100 మీటర్ల దాకా వర్తిస్తుంది, 2019 ప్రకారం 50 దాకా. ఏరు అంతకంటే సన్నగా ఉంటే దాని వెడల్పే లెక్క. కొత్త మ్యాపు ఆమోదం పొందేదాకా పాతదే నడుస్తుంది కాబట్టి, ఎక్కడ ఏది నడుస్తోందో కాగితం మీద అడుగు. మనవైపు 1884 నాటి నదుల చట్టం కూడా ఉంది. ఇరిగేషన్ వాళ్లనడక్కుండా పునాది తవ్వావో, నా చేతిలో తిట్లు తింటావు.

మీ తాతయ్యా ఇలాగే రెండూళ్లు పోల్చి చూశారు. పక్క లంకలో పెద్దలు ఒడ్డుమట్టి తవ్వనిచ్చేవారు కాదు, మన లంకలో అడిగేవాడే లేడు. ఇంకేముంది, ఆ మట్టి ఇటుకబట్టీకి అమ్మేశారు. 1986 ఆగస్టు వరద పోటెత్తినన్నాళ్లూ తోట నిలబడింది. నీళ్లు తీస్తుంటే మొదలైంది. నానిన ఒడ్డుకు ఏటినీళ్ల ఆసరా ఒక్కసారిగా తప్పుకుంది. అంచుకు రెండు గజాల లోపల జానెడు పగులు. అందులో దుడ్డుకర్ర దింపితే అడుగు తగల్లేదు. తెల్లారేసరికి చెట్లు గెలలతో సహా నిలువునా ఏట్లోకి దిగిపోయాయి. మన గుంటలోకి తిరిగిన వడి తరవాత పక్క లంకనీ కోసింది. ఏ తప్పూ చేయనివాళ్లు! ఆ ఏడు సంక్రాంతికి తాతయ్య అల్లుళ్లను పిలవలేదు. అంత పెద్దమనిషి తలొంచుకుని అరుగు మీద కూర్చుంటే ఎవరం పలకరించలేకపోయాం.

అందుకే వరద తీశాక, కార్తీకంలో వెళ్లి ఒడ్డు చూడు. పగుళ్లున్నాయా, తోట ఏటిగట్టుకు ఏవైపుంది, చూసుకో. ఎదుర్లంకలో కొన్నా సరే, యానాం ఆఫీసులో కూడా అడుగు: ఏటివైపు ఏ పనులు చేయబోతున్నారని. ఆ ఒడ్డున గ్రోయిన్, అంటే ఒడ్డు నుంచి ఏట్లోకి అడ్డంగా గోడలాంటిది, కడితే వడి ఈ ఒడ్డుకు తిరగొచ్చు. అంచున రెల్లు పీకించకు, ఖాళీ ఉన్నచోట వట్టివేరు పెట్టు. కొబ్బరివేళ్లు ఒడ్డును పట్టుకుంటాయని ఎవరన్నా నమ్మకు.

అడ్వాన్సు ఇచ్చేముందు నన్ను తీసుకెళ్లు నాన్నా. మోకాళ్లనొప్పని మీ అమ్మ అడ్డం పడుతుంది, వినకు. కారు తోటదాకా పోకపోతే ఆటో మాట్లాడు. పొడుగాటి కర్రొకటి నేనే తెస్తాను.

మీ దొడ్డమ్మ