కంటి జబ్బు దాచి గుర్రాన్ని అమ్మితే?

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి స్వారీ కోసం ఒక పెంపకందారు దగ్గర తొమ్మిదేళ్ల అపలూసా గుర్రాన్ని 8,500 డాలర్లకు కొన్నాం. ‘కళ్లకు ఏ లోపమూ లేదు’ అని ఆయన మెసేజ్ పెట్టారు. క్రయపత్రంలో మాత్రం ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్ముతున్నానని రాశారు. రెండు నెలలకే కుడికన్ను నీరు కారి మసకబారింది. అది యువైటిస్ (కంటి లోపలి వాపు) అని, లోపల పాత మచ్చలు కూడా ఉన్నాయని పశువైద్యురాలు చెప్పారు. డబ్బు తిరిగి వస్తుందా? రాకపోతే మేమూ అలాగే రాసి మరొకరికి అమ్మవచ్చా?

జవాబు: రెండో ప్రశ్నకు ముందు చెబుతాను. అలా అమ్మకండి. తెలిసిన జబ్బును చెప్పకుండా అమ్మితే, నేడు ఆయన మీద మీరు చేస్తున్న ఆరోపణే రేపు మీ మీదికి వస్తుంది. జబ్బు వివరాలు రాసి, కొనేవారి సంతకం తీసుకుని అమ్ముకోవచ్చు.

ఇక మీ డబ్బు సంగతి. అమెరికాలో వాణిజ్య చట్టం దృష్టిలో గుర్రం కూడా సరుకే. సరుకు సవ్యంగా ఉంటుందని, కాగితం మీద లేకపోయినా, వ్యాపారి పూచీ పడినట్టే లెక్క. అయితే టెక్సస్ చట్టం పశువుల అమ్మకాలను ఈ పూచీ నుంచి మినహాయించింది. అందుకని ‘కళ్లు బాగుండాలి కదా’ అన్న వాదన ఒక్కటే అక్కడ నిలవదు. మీ బలమంతా ఆయన ఇచ్చిన మాటలోనూ, తెలిసీ దాచారా అన్నదానిలోనూ ఉంది.

‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న షరతు టెక్సస్‌లో గట్టిదే. కానీ అబద్ధం చెప్పి గానీ, తెలిసిన లోపాన్ని దాచి గానీ కొనిపిస్తే అది అమ్మినవారిని కాపాడదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1995లో ప్రుడెన్షియల్ కేసులో చెప్పింది. ‘ఈ పత్రంలో లేని మాటలు చెల్లవు’ అన్న వాక్యం మీ క్రయపత్రంలో ఉందేమో చూడండి. ఉంటే ఆ మెసేజ్‌ను హామీగా వాడుకోవడం కష్టం. మోసానికి రుజువుగా చూపడానికి మాత్రం అవకాశం ఉంటుంది.

అపలూసాలకు యువైటిస్ వచ్చే ముప్పు ఇతర జాతులకన్నా సుమారు ఎనిమిది రెట్లు ఎక్కువ. వాటిని పెంచేవారికి ఇది తెలియదంటే నేను నమ్మను. అయినా కోర్టు చూసేది జాతి గురించి ఆయనకు ఏం తెలుసని కాదు, ఈ గుర్రం గురించి ఏం తెలుసని. మీకిచ్చిన కాగితాల్లో కాగిన్స్ రక్తపరీక్ష (గుర్రాలకు వచ్చే ఒక అంటురోగం కోసం చేసేది) పత్రం ఉంటే తీయండి. రక్తం తీసిన పశువైద్యుడి పేరు దాని మీద ఉంటుంది. పాత చికిత్స వివరాలు ఆయన దగ్గరే ఉండవచ్చు. పాత యజమాని అనుమతి లేకుండా ఇవ్వకపోతే, దావా వేశాక కోర్టు ద్వారా తెప్పించవచ్చు. అమ్మకం ప్రకటనలోని ఫొటోలు కూడా దాచండి. కుడివైపు నుంచి తీసినది ఒక్కటీ లేకపోతే అది అడగదగిన ప్రశ్నే. ఆ మచ్చలు కొన్న తేదీకి ముందువేనా అన్నదానిపై మీ పశువైద్యురాలి అభిప్రాయం లిఖితపూర్వకంగా తీసుకోండి. అన్నిటికన్నా విలువైన కాగితం అదే.

ఈ జాతిలో కొన్నింటికి పుట్టుకతోనే రేచీకటి ఉంటుంది. ఒంటి మీద మచ్చలు దాదాపు లేని తెల్లటి అపలూసాల్లో ఇది ఎక్కువ. మీ గుర్రం చీకట్లో తడబడుతుంటే జన్యుపరీక్ష చేయించండి కానీ, ఆ ఫిర్యాదును యువైటిస్‌తో కలపకండి.

కొనుగోలుదారులను మోసగించే వ్యాపార పద్ధతులపై ఉన్న టెక్సస్ డిసెప్టివ్ ట్రేడ్ ప్రాక్టీసెస్ చట్టం కింద దావాకు 60 రోజుల ముందు, లోపమేమిటో, ఎంత నష్టపోయారో రాసి నోటీసు పంపాలి. గడువు రెండేళ్లే. తెలిసీ మోసగించారని రుజువైతే ఆర్థిక నష్టానికి మూడు రెట్ల వరకు రావచ్చు. ఆధారం లేని దావా అని తేలితే మాత్రం అవతలివారి లాయరు ఫీజు మీరే కట్టాలి. 20,000 డాలర్ల వరకు, చిన్న మొత్తాల దావాలు వినే జస్టిస్ కోర్టులో వేయవచ్చు. మూడు రెట్లు అడిగితే ఆ పరిమితి దాటుతుంది కాబట్టి, ఏ కోర్టుకు వెళ్లాలో నోటీసుకు ముందే స్థానిక న్యాయవాదితో తేల్చుకోండి.

ఈలోగా చికిత్స ఆపకండి. యువైటిస్ చాలా నొప్పి పెడుతుంది, మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. మందుల బిల్లులన్నీ తేదీలవారీగా దాచి, నష్టపరిహారం లెక్కలో చేర్చండి.