గుల్మార్గ్‌లో స్కీయింగ్‌కు సాఫ్ట్‌షెల్ ఒక్కటే సరిపోతుందా?

జనవరిలో కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో మొదటిసారి స్కీయింగ్ నేర్చుకోబోతున్నానని, సాఫ్ట్‌షెల్ (మెత్తగా, సాగే బట్టతో చేసిన) జాకెట్ ఒక్కటి సరిపోతుందా అని ఒకరు అడిగారు. ఒక్కటే అయితే చాలదండి. సాఫ్ట్‌షెల్ గాలిని చాలావరకు ఆపుతుంది, చెమట ఆవిరిని బయటికి వదులుతుంది, చేతులు చాపినా పట్టేయదు. కానీ నీటిని కొంతసేపే తట్టుకుంటుంది. నేర్చుకునేవారు పదే పదే పడతారు, మంచులోనే కూర్చుని బూట్లు సరిచేసుకుంటారు. నాకు మొదటి రోజు మధ్యాహ్నానికే మోచేతుల దగ్గర, నడుము దగ్గర బట్ట తడిసిపోయింది. ఆ తర్వాత గాలి తగిలిన ప్రతిసారీ వణుకే.

లోపల నూలు బనియను వద్దే వద్దు, చెమట పీల్చుకుని ఒక పట్టాన ఆరదు. మెరీనో ఉన్నిదో పాలిస్టర్‌దో ఒంటికి అతుక్కునేది వేసుకుని, దానిపై పల్చని ఫ్లీస్ (నూగులాంటి మెత్తటి వెచ్చని బట్ట), ఆపైన సాఫ్ట్‌షెల్ తొడగండి. మంచు కురిసే రోజుకు 10,000 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ రేటింగున్న (అంటే అంత ఎత్తు నీటి ఒత్తిడిని తట్టుకునే) హార్డ్‌షెల్, అంటే నీరు చొరబడని పై జాకెట్, వెంట ఉంచుకోండి. అది వీటన్నిటి మీదా పట్టేంత వదులుగా ఉండాలి.

గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. గొండోలా (కేబుల్ కారు) రెండో దశలో అఫర్వత్ కొండ వైపు వెళ్తే 3,900 మీటర్లు దాటుతారు. అక్కడ చలి ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువ, గాలి జోరూ వేరు.

సాఫ్ట్‌షెల్ కొనేటప్పుడు బట్టకు నోరు ఆనించి గట్టిగా ఊదండి. అవతల అరచేతికి గాలి ధారాళంగా తగిలితే ఆ జాకెట్ తీసుకోకండి.