పెద్దయ్యాక ఆటిజం పరీక్షకు వెళ్తున్న నీకు

తల్లీ,

నీ మెసేజ్ చదివాను. 34 ఏళ్లు వచ్చాక ఆటిజం ఉందో లేదో తేల్చుకుని ఏం సాధిస్తానన్నావు. నేను యాభై దాటాక తేల్చుకున్నదాన్ని, వయసు మాట నా దగ్గర చెల్లదు. ఎలా వెళ్లాలో మాత్రం చెబుతాను.

ఉంటే చిన్నప్పుడే ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలిగా అన్నావు. బాగా చదివే, గలగలా మాట్లాడే పిల్లల్లోనూ ఇది ఉంటుందన్న సంగతి వైద్యలోకంలో పాకడం మొదలైందే 1981లో బ్రిటన్ సైకియాట్రిస్టు లోర్నా వింగ్ రాసిన వ్యాసం తర్వాత. డాక్టర్లు ప్రమాణంగా పెట్టుకునే డీఎస్ఎం పుస్తకంలోకి ఆ రకం ఆటిజం ‘ఆస్పర్గర్స్’ అనే పేరుతో 1994లో ఎక్కింది. 2013లో అన్నిటినీ కలిపి ఆటిజం స్పెక్ట్రమ్ అన్నారు. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) రెండూ ఒకే మనిషికి ఉన్నాయని రాయడానికి అప్పటిదాకా ఆ పుస్తకం ఒప్పుకునేది కాదు. కాబట్టి నీ పాత ఫైల్లో ‘యాంగ్జైటీ’ అని ఒక్క ముక్క రాసి ఉన్నంత మాత్రాన దిగులుపడకు.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది ఫోన్‌లోనే సగం తేలిపోతుంది. పెద్దవాళ్లకు చేస్తారా, ఆడవాళ్లను చూసిన అనుభవం ఉందా, చివర్లో కారణాలతో రిపోర్టు రాసిస్తారా అని అడుగు. ఆఫీసులో సదుపాయాల కోసమైతే ఎవరి సంతకం చెల్లుతుందో ముందే కనుక్కో. రక్తపరీక్షతోనో స్కానింగ్‌తోనో చెప్పేస్తామనే చోటికి మాత్రం పోకు. అలాంటి పరీక్ష లేదు.

ఆన్‌లైన్‌లో ఏక్యూ చేశానన్నావు, ఆటిజం లక్షణాలు ఎంతున్నాయో మనమే చూసుకునే 50 ప్రశ్నలది. ఆర్‌ఏఏడీఎస్-ఆర్ అని 80 ప్రశ్నలది ఇంకొకటి ఉంది, అదీ చెయ్యి. కానీ మార్కులు చూసి సంబరపడొద్దు, కుంగిపోవద్దు. యాంగ్జైటీ ఎక్కువున్నవాళ్లకూ అవి పెరుగుతాయి. ఆ జవాబు ఎందుకు పెట్టావో ప్రతి ప్రశ్న పక్కనా ఒక వాక్యం రాసుకో. పరీక్ష చేసేవాళ్లకు పనికొచ్చేది ఆ వాక్యమే.

అసలు విషయానికి వస్తాను. ఆటిజం అని తేల్చడానికి ఆ డీఎస్ఎం పుస్తకం లెక్క ఇది. మనుషులతో మెలగడంలో ఇబ్బంది మూడు రకాలుగా చెబుతారు, మాటకు మాట కలపడంలో, చూపుల్లో సైగల్లో, స్నేహాలు నిలుపుకోవడంలో. మూడూ కనిపించాలి. ఒకే పద్ధతిని పట్టుకోవడం, ఒకే విషయంలో మునిగిపోవడం, చేసిందే చేయడం, శబ్దాలూ వెలుతురూ తాకిడీ అతిగా తగలడమో అసలు తగలకపోవడమో, ఈ నాలుగింట్లో కనీసం రెండు ఉండాలి. ఇవన్నీ చిన్నప్పటి నుంచీ ఉన్నవై ఉండాలి, బయటపడింది తర్వాతైనా సరే. అందుకే ‘నలుగురిలో కలవలేను’ అని ఊరుకుంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఫోన్ చేసే ముందు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుంటావు కదా, అది చెప్పు. మీటింగ్‌లో అందరితో నవ్వుతూ మాట్లాడి, ఇంటికొచ్చి లైటు తీసేసి ఎంతసేపు పడుకుంటావో చెప్పు. నెట్టుకొస్తున్నావని చూసేవాళ్లకు తెలుస్తూనే ఉంది. దానికి ఒంట్లో ఎంత ఖర్చవుతోందో నువ్వు చెబితే తప్ప తెలియదు.

మీ అమ్మను కూర్చోబెట్టి అడగాలి. ‘నాకు ఆటిజం ఉండేదా’ అని మాత్రం అడగకు, తన పెంపకాన్ని తప్పుపడుతున్నావనుకుంటుంది. మాటలు ఎప్పుడొచ్చాయి, ఎవరితో ఆడేదాన్ని, ఏ బట్టలు వేసుకోనని ఏడ్చేదాన్ని, ఇలా అడుగు. ‘అదేముందే, మన ఇంట్లో అందరూ అంతేగా’ అంటుంది చూడు. నవ్వుకో, కానీ ఆ మాట కూడా రాసుకో. ఇది కుటుంబాల్లో నడిచేదే. పాత ప్రోగ్రెస్ కార్డుల్లో టీచర్లు రాసిన మాటలు దొరికితే ఇంకా మంచిది.

ఆ రోజు కొత్తవాళ్ల ముందు పెట్టే మొహం పెట్టకు. వాళ్లు చూడాల్సింది ఆ మొహం వెనకున్న నిన్ను. లైటు గుచ్చుకుంటుంటే తగ్గించమను. చేతులు కదుపుతూ కూర్చోవాలనిపిస్తే కదుపు. ఏడాస్-2 అనే పరీక్ష పెడితే, మాటల్లేని బొమ్మల పుస్తకం చూసి కథ చెప్పమంటారు, స్నేహమంటే ఏమిటని అడుగుతారు. చిన్నపిల్లలా చూస్తున్నారని చిన్నబుచ్చుకోకు. సోషల్ యాంగ్జైటీ (నలుగురిలో ఉండాలంటే భయం), ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే చేయాలనిపించడం), మనసుకు తగిలిన పాత గాయాల గురించి కూడా గుచ్చి గుచ్చి అడుగుతారు. నిన్ను నమ్మక కాదు, పైకి ఒకేలా కనిపించేవాటిని విడదీయాలి కాబట్టి.

లేదని తేలిస్తే, ఏది సరిపోలేదో, మరి నీ ఇబ్బందులకు కారణమేమిటో రాసిమ్మను. ‘కళ్లలోకి చూశావు, ఉద్యోగం చేస్తున్నావు, కాబట్టి లేదు’ అంటే అది కారణం కాదు, ఇంకొకరికి చూపించుకో. ఉందని తేలితే ఆటిజానికంటూ మందు రాయరు. నిద్రకో ఆందోళనకో రాస్తే రాయొచ్చు. ఆఫీసులో చెప్పడానికి తొందరపడకు, కొన్నాళ్లు నీలోనే ఉంచుకో.

ఇంకొకటి. అపాయింట్‌మెంట్‌కు నెలలు పడితే పట్టవచ్చు. ఈలోగా బతకాలనిపించని ఆలోచనలు వస్తే దానికోసం ఎదురుచూడకు. ఆ రోజే డాక్టర్‌కు చెప్పు, నాకూ ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే.

ఏమేం అడుగుతారో ముందుగా రాసి పంపమని క్లినిక్‌కు మెయిల్ పెట్టు. అడిగితే చాలాచోట్ల కాదనరు. రాయడానికి చెయ్యి ఆడకపోతే ఎలా ఉంటే అలా రాసి నాకు పంపు, సరిచేసి ఇస్తాను.

మీ పెద్దమ్మ